మూతి తుడుచుకున్న పులి

మా పాత బ్యాచి వాట్సాప్ గ్రూపులో పొద్దున్న ఏడింటికి "గురువుగారు ఇక లేరు" అని పడింది. ఎనిమిదయ్యేసరికి ఇరవై మంది చేతులు జోడించేశారు. ముగ్గురు ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒకడైతే "ఆయన చేతి చలవే ఈ రోజు నేను తింటున్న అన్నం" అని రాశాడు. వాడు ఆయన దగ్గర చేరిన నాలుగో నెలలో చెప్పాపెట్టకుండా పారిపోయి విశాఖపట్నంలో తేలిన ఘనుడు. నేను ఏ బొమ్మా పెట్టలేదు. పెసరట్టు వేసుకుని తిని, పనిలో కూర్చున్నాను.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆయన కళ్ళు నేను రెండేళ్ళు దగ్గర నుంచి చూశాను. మామూలు కళ్ళే. ఎదుటివాళ్ళు కట్టిన ఆటలో ఏది పనికొస్తుందో పసిగట్టడంలో మాత్రం చురుకైనవి. ఆయనంటే నాకు కోపం. పోయాడని తెలిశాక కూడా ఆ కోపం ఒక్క వీసం తగ్గలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ హాయి, చదివేవాళ్ళకీ హాయి.

ఆయన విజయనగరంలో వీడియో గేములు తయారుచేయడం నేర్పేవాడు. పాతపేటలో ఒక డాబా, ఆ డాబా మీద గది, గదిలో ఎనిమిది కంప్యూటర్లు. వాళ్ళింట్లో తరాలుగా వయొలిన్ పాఠం చెప్పేవారట. ఈయనకి ఎందుకో వయొలిన్ అచ్చిరాలేదు. మెట్ల దగ్గర బోర్డు మీద "వయొలిన్ నేర్పబడును" అన్న పాత అక్షరాల కింద కొత్త రంగుతో "వీడియో గేములు నేర్పబడును" అని రాయించాడు. పై వాక్యం చెరిపించలేదు. ఆ వాక్యంతో వచ్చిన పద్ధతులు కూడా ఏవీ చెరిపించలేదు.

మాది గజపతినగరం దాటాక ఒక పల్లె. వంగ, చోళ్ళు, కాస్త వరి. ఎచ్చెర్లలో ఎంసీఏ అయ్యాక నాకు గేములు కట్టాలన్న పిచ్చి పట్టింది. ఆడటం కాదు, కట్టడం. చేరే రోజున మా అమ్మ తమలపాకులూ అరటిపళ్ళూ పెట్టిన పళ్ళెంతో నా వెంట వచ్చింది. ఆయన పళ్ళెం అందుకుని, పక్కన పెట్టి, మా అమ్మతో అన్నాడు:

"మా ఇంట్లో ఒక ఆచారం ఉందమ్మా. శిష్యుడి తొలి కచేరీ గురువు పేరు మీద జరుగుతుంది. ఇక్కడా అంతే. మీ అమ్మాయి కట్టే మొదటి ఆట నా పేరు మీద బయటికొస్తుంది. రెండోదాని నుంచి తన ఇష్టం. సమ్మతమైతేనే పళ్ళెం ఉంచండి."

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ తలూపింది.

"తప్పేటున్నాది బావూ? మా వంగతోటలో తొలికాపు అమ్మోరికి పెట్టకుండా మేం నోట్లో యెయ్యం. గురువుకిత్తే మంచిదే గదా."

తిరుగు బస్సులో నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, "తొలికాపు ఇచ్చీసినోలికి మలికాపు ఇరగకాస్తాదే గుంటా" అని నవ్వింది. మా ఊళ్ళో ఎవరిని అడిగినా అదే మాట చెబుతారు. మా తప్పు అక్కడుంది. దేవతకి ఇచ్చే చెయ్యితోనే మనిషికి ఇచ్చేశాం. దేవత ఎప్పుడూ ఆ వంకాయ తానే పండించానని చెప్పుకోలేదు.

ఆయన తెల్ల లాల్చీ వేసుకుని భుజం మీద కండువాతో వచ్చేవాడు. మేం టైపు చేస్తుండగా వెనక నుంచి వంగి, కండువా కొసతో స్క్రీన్ తుడిచేవాడు. దుమ్ము ఉందా లేదా అని చూసేవాడు కాదు. ఎవరైనా కోడ్ రాస్తుంటే ఉంగరం వేలితో బల్ల మీద తాళం వేసేవాడు. ఆ తాళం తప్పితే మన లెక్క తప్పినట్టు. టీ సాసర్లో పోసుకుని, ఊదుకుని, మాకు వినబడేలా తాగేవాడు. ఆడపిల్లలందరూ "అమ్మాయ్", మగపిల్లలందరూ "అబ్బాయ్". రెండేళ్ళలో నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. నా పేరు ఆయనకి తెలుసో లేదో నాకు ఈనాటికీ అనుమానమే.

పాఠం బంతితో మొదలయ్యేది. మొదటి నెల బంతి పైనుంచి కింద పడాలి. రెండో నెల పడిన బంతి ఎగరాలి. మూడో నెల గోడకి తగిలి వెనక్కి రావాలి. ఆ పైన రెండు బంతులు ఒకదాన్నొకటి గుద్దుకోవాలి. వాటికి సరళీ వరసలు, జంట వరసలు అని సంగీతం పేర్లు పెట్టుకున్నాడు. "గొంతు కుదరకుండా కీర్తన ఎందుకమ్మాయ్?" అనేవాడు. కంప్యూటరు ముట్టుకునే ముందు ప్రతి వరసా నోటు పుస్తకంలో చేత్తో రాసి చూపించాలి. ఆరు నెలలయ్యాక మా అమ్మ ఫోన్లో అడిగింది.

"ఏటి నేర్సుకున్నావే?"

"బంతి ఎగరెయ్యడం అమ్మా."

"అది నీకు మూడేళ్ళకే వచ్చు గదా!"

ఆ బంతి ఈ రోజుకీ నా చేతిలో ఉంది, కాదనను. ఏ బొమ్మ ఎంత బరువుగా నేల మీద పడాలో చూడగానే చెప్పగలను. ఆ మేలు ఆయనదే. ఒప్పుకుంటున్నాను కదా అని మెత్తబడ్డాననుకోకండి.

అడగాల్సినవి బోలెడు ఉండేవి. మొదటి వారంలో ఒకసారి "ఇదేటండీ, గోడ దాటి పోతన్నాది?" అన్నాను. ఆయన తాళం ఆపాడు.

"ఏటి కాదమ్మాయ్, ఏమిటి. పోతన్నాది కాదు, పోతోంది. ముందు మనుషుల భాష నేర్చుకో, తర్వాత యంత్రం భాష."

గదంతా నవ్వింది. బంతి గోడ ఎందుకు దాటుతోందో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ఏదైనా అడగాలంటే ముందు మనసులో పుస్తకాల తెలుగులో కూర్చుకుని, రెండుసార్లు అనుకుని, అప్పుడు అడిగేదాన్ని. కూర్చుకునేలోపు పాఠం ముందుకి పోయేది. కొన్నాళ్ళకి అడగడమే మానేశాను.

ఇంకో సంగతి. ఆటలు కట్టడం నేర్పే ఈ మనిషి ఆట ఆడడు. ఎవరైనా "మాస్టారూ, ఒక్కసారి ఆడి చూడండి" అంటే, "వంటవాడు పంక్తిలో కూర్చుంటాడా?" అని దాటేసేవాడు. ఒకరోజు మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వస్తే, ఒక్కడే కూర్చుని చిన్నపిల్లలు ఆడే బుడగల ఆట ఆడుతున్నాడు. మొదటి మెట్టులోనే ఓడిపోతున్నాడు, మళ్ళీ మొదలెడుతున్నాడు. నన్ను చూసి స్క్రీన్ మీద కండువా కప్పేశాడు. ఆ ఒక్కరోజు ఆయన మీద జాలేసింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ నేను గొడుగులు మరిచిపోయే రకమని పది నిమిషాలు మాట్లాడాడు. దాంతో ఆ జాలి కాస్తా పోయింది.

రెండో ఏడు నా తొలి ఆటకి అనుమతి ఇచ్చాడు. నేను పులి-మేక కట్టాను. మా చేని గట్టు మీద ఒక బండ ఉండేది. దాని మీద బొగ్గుతో గీతలు గీసి మా అమ్మా నేనూ ఆడేవాళ్ళం. పులులు గులకరాళ్ళు, మేకలు చింతపిక్కలు. పులి పక్కనున్న మేక మీంచి దూకితే ఆ మేకని తిన్నట్టు. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా చుట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఎక్కడైనా అంతే. కానీ మా బండ మీద ఒక నియమం ఎక్కువ ఉండేది. నాకు ఐదేళ్ళప్పుడు, అమ్మ పులి వరసగా నా మేకల్ని తినేస్తుంటే నేను చింతపిక్కలన్నీ విసిరేసి ఏడ్చానట. అప్పుడు మా అమ్మ అందట: "ఏడవకే. తిన్న పులి మూతి తుడుసుకోవాలి గదా! అది తుడుసుకున్నంతసేపు కదలదు. ఈలోగా నీ మేకల్ని సర్దుకో." ఆనాటి నుంచి మేకని తిన్న పులి ఆ తర్వాతి ఎత్తులో కదలకూడదు. ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడానికి అప్పటికప్పుడు పుట్టిన నియమం అది.

కంప్యూటరు పులులు ఆడి, మనిషి మేకలు ఆడేలా కట్టాను. కంప్యూటరు పొరపాటు చెయ్యదు. మామూలు నియమాలతో ఆడిస్తే మేకలు చూస్తుండగానే అయిపోయేవి. ఆడినవాళ్ళు రెండో ఆట మొదలెట్టకుండా లేచిపోయేవారు. మా అమ్మ నియమం పెట్టాక ఆట నిలబడింది. మేకని తినగానే పులి చతికిలబడి ముంగాలితో మూతి తుడుచుకునే బొమ్మ గీశాను. ఆ బొమ్మకే నెల పట్టింది.

ఆయన వచ్చి చూశాడు.

"ఇదేమిటి, పులి కూర్చుండిపోయింది?"

"మూతి తుడుసుకుంటాదండి," అన్నాను. ఆ తొందరలో పుస్తకాల తెలుగు రాలేదు. "మా అమ్మ పెట్టిన నియమం."

ఆయన నవ్వాడు. అలా నవ్వడం అంతకుముందు చూడలేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "అబ్బాయిలూ, రండర్రా! ఈ అమ్మాయి వాళ్ళ ఊళ్ళో పులులు భోంచేసి మూతి తుడుచుకుంటాయిట! తాంబూలం కూడా వేసుకుంటాయా అమ్మాయ్?" అన్నాడు. అందరూ చుట్టూ చేరి నవ్వారు. "తీసెయ్. శాస్త్రం తెలియకపోతే అడగాలి. అంతేగానీ ఇంట్లో ఆడవాళ్ళ మాటలు ఆటలో పెడతారా?"

నేను తీసెయ్యలేదు. రెండు రకాలూ ఉంచి మిగతా పిల్లల చేత ఆడించాను. నవ్విన వాళ్ళే మూతి తుడుచుకునే పులితో పోటీలు పడి ఆడారు. ఆయన వెనక నిలబడి చాలాసేపు చూశాడు. ఈసారి తాళం వెయ్యలేదు. చివరికి "ఉండనీ" అన్నాడు.

ఆచారం ప్రకారం ఆట ఆయన పేరు మీద ఫోన్లలోకి వచ్చింది. జనానికి నచ్చింది. బస్సుల్లో ఆడుతుంటే నా కళ్ళతో చూశాను. "అయ్యో, తినేసింది! ఆగు, మూతి తుడుచుకుంటోంది, తొందరగా ఎత్తు వెయ్" అని ఒక ముసలాయన పక్కావిడకి చెబుతుంటే, లేచి ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. పేరు లేకపోయినా సరే అనుకున్నాను. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే కదా.

తర్వాత ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఆయనకి సన్మానం చేశారు. మేమంతా ముందు వరసలో కూర్చున్నాం. ఒక విద్యార్థిని లేచి అడిగింది: "సార్, పులి ఒక ఎత్తు ఆగాలన్న ఆలోచన మీకెలా వచ్చింది?"

ఆయన కండువా సర్దుకున్నాడు.

"అది మా తాతగారి దగ్గర నేర్చుకున్నానమ్మా. రామతీర్థం కొండ మీద బండల మీద ఆయన పులిజూదం ఆడేవారు. వయొలిన్ కమాను తీగ మీద నుంచి లేచే క్షణం ఒకటుంటుంది. ఆ విరామంలోనే సంగీతం ఉంది. తిన్న పులి మూతి తుడుచుకోవాలి అనేవారు తాతగారు."

చప్పట్లు మోగాయి. నా చేతులు కూడా మోగించాయి. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. అప్పటికి విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగం నాకు దాదాపు ఖాయమైంది. ఆయన రాసిచ్చే సిఫారసు ఉత్తరం ఒక్కటే తక్కువ.

ఉత్తరం చేతికి వచ్చిన రోజున, మెట్ల మీద, బోర్డు దగ్గర ఆపి అడిగాను.

"మాస్టారూ, ఆట మీకిచ్చాం, సరే. ఆ మాట మా అమ్మది కదండీ. మీ తాతగారిదని చెప్పారేం?"

ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చిన్నపిల్లకి చెబుతున్నట్టు చెప్పాడు.

"మీ అమ్మ పేరు చెబితే ఎవరు వింటారమ్మాయ్? వంగతోటలో పుట్టిన మాటంటే నవ్వుతారు. నువ్వే చూశావుగా, నేనే నవ్వాను. మా తాతగారి మాటంటే రాసుకుంటారు. ఆట బతకాలా, మీ అమ్మ పేరు బతకాలా? చెప్పు."

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయాను. అందులో రెండే వాక్యాలున్నాయి. "ఈ అమ్మాయి బంతి బాగా ఎగరవేస్తుంది. వినయవంతురాలు." రెండో వాక్యం చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది, అది నిజం కనక.

ఎంత వెర్రిదాన్నంటే, ఆ తర్వాత ఒక ఆదివారం రామతీర్థం కూడా వెళ్ళాను. ఒకవేళ ఆయన చెప్పింది నిజమేమో, మా అమ్మ ఎక్కడో విన్నదే చెప్పిందేమో చూద్దామని. బండల దగ్గర కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళని అడిగాను. "పులి తినీసినాక కూకుంటాదేటి?" అని ఒకాయన తెల్లబోయాడు. "అలాగైతే అది పులేటమ్మా, పిల్లి గదా!" అని రెండో ఆయన పగలబడి నవ్వాడు. కొండ దిగుతుంటే నాకూ నవ్వొచ్చింది. ప్రపంచంలో ఆ నియమం మా బండ మీద తప్ప ఇంకెక్కడా లేదు.

మా అమ్మకి మాత్రం చెప్పలేదు. చెబితే, "నువ్వేటన్నావు?" అని అడుగుతుంది. ఉత్తరం మడుచుకుని మెట్లు దిగిపోయానని చెప్పాలి. రెండో ఆట నుంచి అన్నీ నా పేరు మీదే కట్టాను. ఉద్యోగం వదిలి విజయనగరంలోనే ముగ్గురం కలిసి చిన్న ఆఫీసు పెట్టుకున్నాం. మా ఆటలు బాగుంటాయి. అయితే జనం నోట్లో నలిగేది మాత్రం ఇప్పటికీ ఆ పులే.

ఆయన పోయిన వారానికి ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. సంతాప సభట. "మీరు గురువుగారి ఇష్టశిష్యురాలు. ఐదు నిమిషాలు మాట్లాడాలి." కుదరదని చెప్పేద్దామనుకున్నాను. ఆ వేళ కంటి పరీక్షకని మా అమ్మ నా దగ్గరే ఉంది. "సచ్చిపోనోడి దగ్గిరికి పిలిత్తే ఎల్లాలి. నానూ వస్తాను. పళ్ళెం ఇచ్చింది నాను గదా," అంది. సరేనని కాగితం మీద ఐదు మర్యాద వాక్యాలు రాసుకున్నాను. క్రమశిక్షణ, అంకితభావం, తీరని లోటు వగైరా.

హాలు నిండింది. అమ్మా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. వేదిక మీద ఆయన పెద్ద ఫోటో, దండ, వెనక బేనరు. బేనరు మీద మా అందరి తొలి ఆటల బొమ్మలూ ఉన్నాయి. పడవ ఆట, ఎడ్లబండి ఆట, గాలిపటాల ఆట. కట్టినవాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో నాకు తెలుసు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అన్నిటి మధ్యా నా పులి, మూతి దగ్గర ముంగాలు. దాని కింద పెద్ద అక్షరాలు.

మా అమ్మ పెద్దయ్యాక చదువు నేర్చుకుంది. ఏదైనా సరే, కూడబలుక్కుని పైకే చదువుతుంది.

"తి...న్న... పులి... మూతి... తుడు..." ఆగింది. గొంతు పెద్దదైంది. "ఓలమ్మ! ఇది నానన్న మాట గదే?"

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. నేను ఆమె చెయ్యి నొక్కాను.

"ఊరుకోమ్మా. ఇంటికెళ్ళాక చెప్తాను."

"కింద ఆయన పేరెందుకున్నాది? ఏటి రాసినారక్కడ?"

"గురువుగారి సూక్తి అని రాశారు. వాళ్ళ తాతగారు చెప్పారని అందరికీ చెప్పుకున్నాడు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

నేను చేతిలోని కాగితం ఇంకో మడత పెట్టాను. అమ్మ ఫోటో వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది:

"తొలికాపు ఇమ్మన్నాడు, ఇచ్చినాం. కాయలిచ్చినాం గాని పాదు ఇవ్వనేదు గదే."

"పోయిన మనిషమ్మా. ఇప్పుడెందుకు?"

"ఆయన పోనాడు. నువ్వున్నావు గదా. నోరు నేదేటి నీకు?"

అప్పుడే మేనల్లుడు మైకులో, "ఇప్పుడు గురువుగారి ఇష్టశిష్యురాలు..." అని మొదలుపెట్టి, కాగితంలో నా పేరు వెతుక్కుని, దొరక్క, నా వైపు చెయ్యి చూపించాడు.

వేదిక మీదకి నడిచాను. ఫోటోకి దండం పెట్టలేదు. మడిచిన కాగితం విప్పలేదు. మైకు అందుకునేసరికి, ఆ మనిషి ముందు అలవాటుగా, నోట్లోకి పుస్తకాల తెలుగు వచ్చేసింది. దాన్ని మింగేశాను.

"ఆ బేనరు మీదున్న మాట ఈయనది కాదు, ఈయన తాతదీ కాదు. మా అమ్మ సెప్పిన మాట అది. నాను ఏడుత్తంటే ఊరుకోబెట్టడానికి సెప్పింది. మా అమ్మ పేరు అప్పలనరసమ్మ. మూడో వరసలో కూకున్నాది."

మేనల్లుడు మైకు కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"అమ్మా," అన్నాను. "ఒకపాలి లెగు. అందరూ నిన్ను సూడాలి."

అమ్మ కొంగు సర్దుకుని, లేచి నిలబడింది.